ఓడెక్కంగ సంచిల సీస ఉండొచ్చునా?

ఈ నడుమ మా బాచుపల్లిల ఏ నలుగురు కలిసినా ఓడ ముచ్చటే. ఒకప్పుడు సెలవులొస్తె అరకు అన్నరు, తర్వాత గోవా అన్నరు, ఇగ ఇప్పుడు క్రూజ్ అంటున్నరు. హైటెక్ సిటీ దిక్కు కంపెనీలకు పోయే పిలగాండ్లు, ఈడ్నే ఇంజినీరింగ్ కాలేజీలల్ల సదివి అవే హాస్టళ్లల్ల ఉండిపోయినోళ్లు, వాళ్ల ఊరి దోస్తులు, పది మంది గుంపుగ జేరి నెలకింత అని జమ జేస్తున్నరు. మా అపార్ట్‌మెంటోళ్లకు, మా ఊరోళ్లకు టికెట్లు జేసిచ్చే అలవాటు నాకున్నది. అందుకే అందరు నాకే ఫోన్ గొడ్తరు. టికెట్ ఎంత అనేది మొదటి ప్రశ్న. రెండోది కూడ అందరిది ఒక్కటే: "అన్నా, మన సీస మనం పట్కపోవచ్చునా?"

సిగ్గుపడాల్సిన ప్రశ్న ఏం గాదు. పైసల లెక్క ఇది. ఏడాది పొడుగూత జమజేసి టికెట్ కొన్న పిలగానికి, ఓడ మీద ఒక్కొక్క గ్లాసుకు ఎంత గుంజుతరో అని బుగులు ఉంటది. అందుకే ఒక వారం కూసొని ఓడ కంపెనీల షరతుల కాయితాలు సదివిన. చిన్న అక్షరాలల్ల, పేజీలకు పేజీలు. సదివినంక తెలిసిందేందంటె, సీస ముచ్చట సీస కాడ ఆగదు. టికెట్ ఎందుకు చౌకనో, ఓడ పైసలు యాడికెల్లి వస్తయో, మన ఎక్సైజోళ్లు రైలు డబ్బాలల్ల ఎందుకు దేవులాడుతరో, అన్నిటికి అదే తాళంచెవి.

ముందుగాల సీదా జవాబు. మన దేశపు తీరం నుంచి పోయే ఓడల మన మందు సీస పట్కపోనియ్యరు, అది వైన్ అయినా సరే. అమెరికా దిక్కు తిరిగే పెద్ద ఓడల్ల చానా మట్టుకు పెద్దమనిషికి ఒక వైన్ సీస పట్కపోనిస్తరు. విస్కీ, బ్రాందీ, రమ్ము అసొంటియి అయితె ఆడ గూడ సంచిల కనబడంగనే పక్కకు వెడ్తరు.

ఈడ్నే మనోళ్లకు పెద్ద తిరకాసు వడ్తది. మన దిక్కు "వైన్స్" అంటె ఏంది? మందు దుకాణం. బోర్డు మీద వైన్స్ అని ఉంటది, లోపల విస్కీ, బీరు, బ్రాందీ ఉంటయి. అసలు వైన్ సీస మీది అరల దుమ్ము వట్టి ఉంటది, అడిగేటోడే ఉండడు. అమెరికాల ఉన్న తెలుగాయన ఎవరో రీల్ జేసి "క్రూజ్‌ల వైన్ తెచ్చుకోవచ్చు ఫ్రెండ్స్" అన్నడనుకో, మనోడు దాన్ని మందు తెచ్చుకోవచ్చు అని అర్థం జేస్కుంటడు. ఓడోళ్ల కాయితంల వైన్ అంటె ద్రాక్షతోని జేసింది, ఇంక షాంపేన్. అంతే. ఇంట్ల జేసిన వైన్ నడువదు, సీల్ తీసిన సీస నడువదు, డబ్బ ప్యాకింగ్ వైన్ గూడ చానా ఓడల్ల నడువదు.

ఒక మాట పక్కకెళ్లి జెప్త. నలబై యాభై ఏండ్ల కింద హైదరాబాద్ సుట్టు, మేడ్చల్, శామీర్‌పేట దిక్కు ద్రాక్ష తోటలు మస్తుండె. అనాబెషాహి అనే రకం హైదరాబాద్ పేరుతోనే మార్కెట్లల్ల తిరిగింది. ఆ తోటలు పోయి ప్లాట్లయినయి, ప్లాట్లు పోయి టవర్లయినయి. గా టవర్ల ఉండే పిలగాడు ఇయ్యాల నాసిక్ వైన్ సీస పట్టుకొని దీన్ని ఓడల రానిస్తరా అని అడుగుతుండు.

ఇగ మన ఓడ సంగతి. తెలుగోళ్లకు దగ్గర్ల ఉన్నది కోర్డేలియా కంపెనీ ఓడ, ఎంప్రెస్ దాని పేరు. కొత్తదేం గాదు. 1990ల రాయల్ కరీబియన్ కంపెనీ కాడ "నార్డిక్ ఎంప్రెస్" అనే పేరుతోని మొదలైంది. చేతులు మారి, పేర్లు మారి, 2021 సెప్టెంబర్ల ముంబై నుంచి కోర్డేలియాగ తిరుగుడు షురు జేసింది. 2022 జూన్ 8న విశాఖకొచ్చి, ఆడికెల్లి పుదుచ్చేరి మీదికెల్లి చెన్నైకి జనాన్ని ఎక్కించుకున్నది. ఆంధ్ర తీరంల అది పెద్ద సంబురం. అయితె పుదుచ్చేరి సర్కారు ఓడను ఒడ్డుకు రానియ్యలె. ఓడ మీద జూదం ఉన్నదని అక్కడి పార్టీలు లొల్లి జేసినయి. గప్పుడు పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నర్ బాధ్యత జూస్తున్నది మన తెలంగాణ గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ గారే. తర్వాత 2023 సెప్టెంబర్ల విశాఖ పోర్టుల క్రూజ్ టెర్మినల్ కట్టి తెరిసిన్రు. 2025ల గా ఓడ మళ్ల విశాఖకొచ్చింది. మావోళ్ల గుంపులు జమజేసేది దీని కోసమే.

ఈ ఓడల బయటి మందు బంద్. ఎయిర్‌పోర్టుల తీర్గనే సంచులు ఎక్స్‌రే మిషన్లకెల్లి పోతయి. పెద్ద సంచులు వేరే దారిల పోయి తర్వాత రూముకొస్తయి, చేతి సంచి మన ఎంబడి ఉంటది. రెండిట్ల గూడ సీస ఆకారం టీవీల మనిషి ముఖం కనవడ్డట్టే కనవడ్తది.

మా పక్కూరి పిలగాడు ఒకడు హోటల్ మేనేజ్‌మెంట్ సదివి విదేశీ ఓడ మీద బార్ల పనిజేస్తుండు. పేరు, కంపెనీ జెప్పొద్దన్నడు, జెప్ప. సెలవుల మీద వచ్చినప్పుడు గంటసేపు కూసోబెట్టి అడిగిన. ఆయన మాటలల్ల: "అన్నా, సీస దొరికిందంటె లొల్లి వెట్టరు. నగుకుంటనే తీస్కొని, రూము నంబర్ రాసిన చీటీ కట్టి లోపల వెడ్తరు. ఆఖరి రోజు ఇస్తరు. దాచిపెట్టి తెచ్చినవనుకో, గప్పుడు తిరిగియ్యరు, పారబోస్తరు." ఇగ దాసే ఉపాయాలైతె ఆయన జెప్తుంటె నాకు నవ్వాగలె. నోరు పుక్కిలించే మందు సీసల రమ్ము వోసి ఆకుపచ్చ రంగు కలుపుతరట. షాంపూ డబ్బలల్ల పోస్తరట. నీళ్ల సీసల వోడ్కా వోసి మూత మళ్ల అతికిస్తరట. సెక్యూరిటోళ్లు ఏండ్ల సంది ఇదే చూస్తున్నరు, వాళ్లకు తెల్వని ఉపాయం ఇంక పుట్టలె అన్నడు.

నీళ్ల సీస తమాషా ఎంత దూరం వోయిందంటె, 2015 జులైల కార్నివాల్ అనే అమెరికా కంపెనీ ప్యాసింజర్లు సంచిల నీళ్ల సీసలు తెచ్చుడే బంద్ వెట్టింది. డబ్బాలల్ల కూల్‌డ్రింకులో నీళ్లో తెచ్చుకోండ్రి, సీస మాత్రం వద్దన్నది. దొంగతనంగ మందు పట్కపోయేది కొందరు, మంచినీళ్లు తెచ్చుకునే ముసలవ్వకు గూడ రూలు వడ్డది. మనోళ్లే కాదు, అమెరికోళ్లు గూడ ఇట్లనే ఉంటరన్న మాట.

అసలు ఎందుకింత పట్టుదల? ఓడోళ్లు మీ పాణం కోసమని జెప్తరు. అందుల నిజం లేకపోలేదు, దాని కాడికి వస్త. ముందుగాల పైసలు జూద్దాం.

ఓడ టికెట్‌ల రూము, మూడు పూటల తిండి, ఆటపాట అన్ని కలిసి ఉంటయి. బయట మంచి హోటల్ల ఉంటె దీనికంటె ఎక్కువనే అయితది. ఆ లెక్కకు టికెట్ చౌకనే. మరి కంపెనీ ఎట్ల బతుకుతది? ఎక్కినంక మీరు కొనే వాటి మీద. ప్రపంచంల పెద్ద కంపెనీలల్ల ఒకటి రాయల్ కరీబియన్. దాని 2023 లెక్కలు జూస్తె, వచ్చిన ప్రతి పది రూపాయలల్ల మూడు రూపాయల దాక టికెట్ బయట వచ్చినయే. మందు, జూదం, స్పా, ఒడ్డు మీద తిప్పే టూర్లు, ఇంటర్‌నెట్, ఇవన్ని. అందుల మందుది పెద్ద వాటా. చౌక టికెట్ అనేది లోపలికి పిలిసే తలుపు. గల్లాపెట్టె బార్ల ఉంటది.

ఇప్పుడు వైన్‌కు సరే అని విస్కీకి ఎందుకు వద్దంటరో లెక్క గట్టుండ్రి. 750 మిల్లీలీటర్ల వైన్ సీసల గ్లాసుకు 150 వోస్తె అయిదు గ్లాసులు. అదే సైజు విస్కీ సీసల 30 మిల్లీలీటర్ల పెగ్గులు పాతిక. వైన్ సీస రానిస్తె కంపెనీకి అయిదు గ్లాసుల గిరాకి పోతది. విస్కీ సీస రానిస్తె పాతిక పెగ్గుల గిరాకి పోతది. పైగ వైన్‌ల ఆల్కహాల్ 13 శాతం అంచు ఉంటది, మన విస్కీల 42.8 శాతం. అంటె విస్కీ సీస ఒక్కటి మూడు వైన్ సీసలకంటె ఎక్కువ నిషా పట్కపోయినట్టు. ఇంకో సంగతి ఏందంటె, అమెరికా, యూరప్ దిక్కు వైన్ అన్నంల కూర లెక్క. పెండ్లి రోజుకు దాసుకున్న సీస, అత్తగారిచ్చిన సీస అని తెచ్చుకుంటరు. అసొంటి గిరాకీని కంపెనీ బాధపెట్టదు. అందుకే ఒక్క సీసకు కన్ను మూస్తది.

కన్ను మూసినా చెయ్యి మూయదు. అదే "కార్కేజ్". కార్క్ అంటె సీస మూతికి కొట్టే బిరడ. మీ సీస మీరే తెచ్చుకున్నా, దాన్ని వాళ్ల డైనింగ్ హాల్ల పెట్టుకొని, వాళ్ల గ్లాసుల, వాళ్ల వెయిటర్ తోని వోయించుకుంటె కట్టే పైసలు. బిరడ పీకుడు కూలి అనుకోండ్రి. రాయల్ కరీబియన్ల ఆ కూలి సీసకు 15 డాలర్లు. మన పైసలల్ల వెయ్యి రూపాయలు దాటుతది, మన వైన్స్‌ల గా పైసలకు ఇంకో సీసనే వస్తది. రూముల తాగితె కూలి లేదు. కార్నివాల్ల, ప్రిన్సెస్‌ల గూడ పెద్దమనిషికి ఒక్కటే సీస, అది గూడ ఎక్కే మొదటి రోజు, చేతి సంచిల. డిస్నీ ఓడల్ల కొంచెం నయం, మనిషికి రెండు వైన్ సీసలు గాని ఆరు బీర్లు గాని తెచ్చుకోవచ్చు. నార్వేజియన్ కంపెనీది వేరే తీరు. ఎన్ని వైన్ సీసలు తెచ్చినా వద్దనరు గాని, రూముల తాగినా బయట తాగినా ప్రతి సీసకు 15 డాలర్లు లోపలికి పోంగనే కట్టాలె. ఎమ్మెస్సీ ఓడల్ల మన కోర్డేలియా లెక్కనే అస్సలు వద్దు. ఇవి నేను సదివిన నాటి రూల్స్. కంపెనీలు ఇవి మారుస్తుంటయి, ఎక్కేముందు మీ టికెట్ కాయితంల మళ్ల జూసుకోవాలె.

సీస వద్దన్నంక కంపెనీ ఇంకో గాలం ఏస్తది, అది "డ్రింక్ ప్యాకేజీ". రోజుకింత అని ముందుగాల కడితె ఎంతన్న తాగు అంటది. మనోళ్లు దాన్ని ఊర్ల దావత్ లెక్క జూస్తరు, ఫ్రీ అనుకుంటరు. ఈడ జర నిలవడి సదువుండ్రి. రాయల్ కరీబియన్ల పెద్ద ప్యాకేజీ ఒకరు తీస్కుంటె అదే రూముల ఉన్న పెద్దలందరు తీస్కోవాలె. మొగడు తాగుతడు, పెండ్లాం తాగదు అంటె ఇద్దరికి గుంజుతరు. ధర మీద 18 శాతం టిప్పు కూడ ఏస్తరు. అయిదారు పెగ్గులు దాటితె తప్ప ప్యాకేజీ గిట్టదు. రోజూ పొద్దున లేసి గా లెక్క పూర్తిజేసుడే పనిగ పెట్టుకుంటె, సముద్రం ఎప్పుడు జూస్తవు తమ్మీ?

పాణం ముచ్చట కాడికి వస్త అన్న కదా. బార్ల తాగేటోనికి వోసేటోడు ఉంటడు. మాట తొట్రువడ్డది, కాలు తడవడుతున్నది అని కనిపెట్టి "ఇగ చాలు సార్" అంటడు. రూముల సొంత సీసతోని కూసున్నోనికి జెప్పేటోడు ఉండడు. ఆడ బాల్కనీ ఉంటది, కింద సముద్రం ఉంటది. 108కి ఫోన్ జేస్తె బండి రాదు. మా పిలగాడు ఈ ఒక్క ముచ్చట జెప్పేటప్పుడు మాత్రం నవ్వలె. "పైసలకోసం రూలు వెట్టిన్రు అన్నా, నిజమే. కని రాత్రి రెండింటికి డెక్ మీద తూలేటోన్ని పట్టుకునేది మేమే" అన్నడు. అసొంటి కొలువులకు పోయేది మన ఊర్ల పిలగాండ్లే. సీస దొరికినప్పుడు సెక్యూరిటోని మీద, బార్ పిలగాని మీద ఎగిరేటోళ్లు ఈ మాట యాదికుంచుకోవాలె. రూలు రాసింది వాళ్లు గాదు.

ఇగ మీరనొచ్చు, పైసలు పెట్టి టికెట్ కొన్న తర్వాత నా సీస నా ఇష్టం గాదా అని. ఇదే ముచ్చట సినిమా హాళ్ల తినుబండారాల మీద సుప్రీంకోర్టు దాక పోయింది. జమ్మూకశ్మీర్ కేసు అది. 2023 జనవరి 3న తీర్పొచ్చింది. హాలు ఓనర్ల సొంత జాగ, బయటి తిండి వద్దనే హక్కు వాళ్లకుంటదని కోర్టు జెప్పింది. అయితె మంచినీళ్లు ఫ్రీగ ఇయ్యాలె, పసిపిల్లల కోసం తల్లిదండ్రులు తెచ్చుకున్న తిండిని ఆపొద్దు అన్నది. గా బెంచిల సీజేఐ చంద్రచూడ్ తోని పాటు మన తెలుగాయన జస్టిస్ పీఎస్ నరసింహ కూడ ఉన్నరు. అది హాళ్ల మీద వచ్చిన తీర్పు, ఓడల మీద గాదు. కని ఆలోచన అర్థమైతది. ఎవల జాగల వాళ్ల షరతు, కని దాహానికి బేరం వెట్టొద్దు.

మన దగ్గర గూడ ఈ పద్ధతి కొత్తదేం గాదు. వైన్స్ పక్కన పర్మిట్ రూం ఉంటది జూసిన్రు కదా. సీస దుకాణంల కొంటం, పక్క రూముల కూసొని తాగుతం. గ్లాసు, నీళ్లు, పల్లీలు వాని దగ్గరనే కొంటం. కార్కేజ్ అనే పేరు లేదు గాని పని అదే. బారుకు పోతె మాత్రం బయటి సీస రానియ్యడు. ఫంక్షన్ హాల్ల దావత్ ఇయ్యాలంటె ఎక్సైజోళ్ల కాడ ఈవెంట్ పర్మిట్ తీస్కోవాలె. గా దావత్‌ల వోసే మందు తెలంగాణల పన్ను కట్టినదే అయ్యుండాలె.

ఈ పన్ను కాడ్నే ఓడ ముచ్చట, సర్కారు ముచ్చట ఒక్కటైతయి. ఓడ తన బారు గిరాకి పోవద్దని మన సీస ఆపుతది. రాష్ట్రం తన గల్లాకు గండి పడొద్దని పక్క రాష్ట్రం సీస ఆపుతది. తెలంగాణల 2,620 దుకాణాలున్నయి. 2025ల వాటికి టెండర్లు వేసినప్పుడు ఒక్కో దరఖాస్తుకు 3 లక్షలు కట్టాలె, దుకాణం రాకపోతె అవి తిరిగిరావు. గా దరఖాస్తుల మీదనే 2,800 కోట్లకు పైన వచ్చినయి, ఇంకా ఒక్క సీస అమ్మకముందే. గోవాకెల్లి చౌక సీసలు తెచ్చేటోళ్లను మన ఎక్సైజోళ్లు రైళ్లల్ల, శంషాబాద్ ఎయిర్‌పోర్టు కాడ పట్టుకునేది గిందుకే. "నాన్ డ్యూటీ పెయిడ్ లిక్కర్" అని రాసి సీసలు గుంజుకుంటరు, కేసు గూడ పెడ్తరు.

ఇప్పుడు విశాఖ ఓడ ఎక్కే మనోని సీస ఏ దారిల పోతదో జూడుండ్రి. బాచుపల్లిల కొన్నడు. రైలెక్కి ఆంధ్రలకు వొయ్యిండు. ఆడ 2020 సెప్టెంబర్ల హైకోర్టు పక్క రాష్ట్రంకెల్లి మూడు సీసల దాక తెచ్చుకోవచ్చని జెప్పింది. తర్వాత నెలనే అప్పటి సర్కారు రూలు మార్చి పర్మిట్ లేకుండ ఒక్కటి గూడ తేవద్దన్నది. అంటె ఓడ కాడికి వోకముందే సీసకు ఒక గండం. టెర్మినల్‌ల ఓడోళ్లు తీస్కున్నరు, రెండో గండం. సరే, ఓడ పుదుచ్చేరిల ఆగింది. ఆడ మందు చౌక అని దేశమంతకు తెలుసు. దిగి రెండు సీసలు కొన్నడు. మళ్ల ఎక్కంగ ఓడోళ్లు చీటీ కట్టి లోపల వెట్టిన్రు, దిగేటప్పుడు ఇస్తమన్నరు. దిగేది యాడ? చెన్నైల. పుదుచ్చేరి మందు పర్మిట్ లేకుంట తమిళనాడులకు తెస్తె అక్కడి పోలీసులు పట్టుకుంటరు, ఎన్నో ఏండ్ల సంది గా చెక్‌పోస్టుల పని అదే. ఓడోళ్లు నగుకుంట చేతిల వెట్టిన సీస, గేటు దాటంగనే నేరమైతది. ఎట్లనో దాటిచ్చి హైదరాబాద్ రైలెక్కినా, దిగినంక మన ఎక్సైజోళ్ల లెక్కల అది పన్ను కట్టని సీసనే. మా గుంపుల ఇది జెప్తె ఒకడు "అన్నా, గా సీస కంటె నాకు వీసా తొందరగొస్తది" అన్నడు.

అమెరికాల గూడ సర్కార్లు ఊకుంటయని అనుకోకుండ్రి. డాలస్, హ్యూస్టన్ దిక్కు మన తెలుగోళ్లు మస్తున్నరు, వాళ్లు గాల్వెస్టన్ పోర్టు పోయి ఓడెక్కుతరు. ఊరికెల్లి వచ్చిన అమ్మానాయినలను గూడ తీస్కపోతరు. మెక్సికోల ఆగినప్పుడు చౌకగ సీసలు కొంటరు. ఓడ దిగంగనే టెక్సాస్ రాష్ట్రపు మందు శాఖోళ్లు కౌంటర్ వెట్టుకొని ఉంటరు. సీసకింత పన్ను కట్టి పోవాలె. కట్టనంటె సీస ఆడ్నే ఇడిసిపెట్టాలె. గా అమ్మానాయినలు ఇండియాకు విమానంల తిరిగొచ్చేటప్పుడు మన కస్టమ్స్ రూలు ఇంకోటి: మనిషికి రెండు లీటర్ల దాక మందుకు సుంకం లేదు, పైనయితె కట్టాలె.

విమానం అంటె యాదికొచ్చింది. ఓడ కోసం విశాఖకో చెన్నైకో విమానంల పోయేటోళ్లు, చేతి సంచిల ఇంటి కాడి సీస పెట్టొద్దు, సెక్యూరిటీ కాడ్నే పోతది. చెక్ఇన్ సంచిల 24 శాతం దాటిన మందు మనిషికి 5 లీటర్ల దాక ఒప్పుకుంటరు, 70 శాతం దాటినదైతె అస్సలు వద్దు. ఇది విమానం భద్రత రూలు. దిగిన రాష్ట్రంల ఎక్సైజ్ రూలు దీనికి సంబంధం లేదు. "ఎయిర్‌పోర్టుల ఆపలె కదా" అనే మాట బయట ఎక్సైజోని కాడ నడువదు. రైల్ల అయితె తాగి కూసున్నా, లొల్లి జేసినా 1989 రైల్వే చట్టం 145 సెక్షన్ కింద ఆరు నెలల దాక జైలు, 500 రూపాయల దాక జుర్మానా.

కల్లు గురించి గూడ ఇద్దరు అడిగిన్రు, నవ్వులాటకే అనుకోండ్రి. కల్లు సీసల వట్టినా పులుస్తనే ఉంటది, గ్యాస్ వడ్తది. మూత గట్టిగ బిగిస్తె సంచిల్నే పేలుతది. ఓడోళ్లు ఆపేదాక అది ఆగదు.

ఇగ నా మాట. ఓడోళ్లు సీస వద్దనుడు తప్పని నేననను. వాళ్ల యాపారం అట్ల నడుస్తది, పాణం ముచ్చట గూడ ఉన్నది. నాకు ఒళ్లు మండేది వేరే కాడ. టికెట్ అమ్మేటప్పుడు ఏజెంట్లు ఈ ముచ్చట జెప్పరు. పోస్టర్ మీద డెక్కు, ఈతకొలను, డీజే ఉంటయి. తిండి ఫ్రీ అని పెద్దక్షరాలల్ల ఉంటది. మందుకు వేరే అని, బయటిది రాదని, పన్ను, టిప్పు పైన పడ్తయని యాడ్నో అడుగున రాస్తరు, అది గూడ ఇంగ్లీషుల. ఊర్ల కూసొని ఫోన్ల టికెట్ కొనేటోనికి అది సదివే ఓపిక యాడుంటది? "పట్కరాండ్రి, ఏం గాదు, నేను జూసుకుంట" అనే ఏజెంట్లు గూడ ఉన్నరు. వాడు ఒడ్డు మీదనే ఉంటడు, ఎక్స్‌రే ముంగట నిలవడేది మీరు. తెలుగు రాష్ట్రాల తీరంల టికెట్ అమ్ముతున్నప్పుడు షరతులు తెలుగుల ఇయ్యడానికి ఏం రోగం?

కాబట్టి గుంపుగ పోయేటోళ్లు పైసలు కట్టకముందే ఏజెంట్‌కు వాట్సాప్‌ల మెసేజ్ పెట్టుండ్రి, ఫోన్ల మాట కాదు. బయటి మందు దొరికితె తిరిగిస్తరా, పారబోస్తరా? నీళ్ల సీసకు పైసలా, ఫ్రీనా? పసిపిల్లల పాలపొడి, ముసలోళ్ల మందుగోలీలు పట్కపోవచ్చునా? ప్యాకేజీ తీస్కుంటె రూముల అందరు తీస్కోవాల్నా, తాగనోళ్లకు మాఫీ ఉన్నదా? ఒక్క పెగ్గు ధర పన్నుతోని, టిప్పుతోని కలిపి ఎంత? జవాబు రాతల తీస్కోండ్రి. రాయనన్న ఏజెంట్ కాడ కొనకుండ్రి, ఇంకోడు దొరుకుతడు.

మా బాచుపల్లి గుంపోళ్లు ఈ మెసేజ్ పంపి నాలుగు రోజులైంది. నీళ్ల సంగతి, పాలపొడి సంగతి జవాబొచ్చింది. పెగ్గు ధర మాత్రం "ఓడల మెనూ చూసుకోండి సార్" అని రాసిండు. మావోళ్లు మళ్ల అడిగిన్రు.